గంటలో కడప!

మళ్లీ నిమిషాల సీజన్ వచ్చింది. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి విమానాశ్రయానికి ఎగిరే ట్యాక్సీలో 19 నిమిషాలట. ఇందిరానగర్ నుంచైతే అయిదేనట. రెండో విమానాశ్రయం కనకపుర రోడ్డులో పెడితే దక్షిణ బెంగళూరు వాళ్లకు ఇన్ని నిమిషాలు మిగులుతాయని ఒకరు, కుణిగల్ రోడ్డులో పెడితే తుమకూరు వైపు వాళ్లకు అన్ని మిగులుతాయని ఇంకొకరు. హోసూరు వాళ్ల నిమిషాలు హోసూరు వాళ్లకున్నాయి. ఇన్ని నిమిషాలు పంచుతున్నవాళ్లలో ఒక్కరి నోటా గంటల మాట రాదు. గంటలన్నీ హెబ్బాళ ఫ్లైఓవర్ మీదా సిల్క్ బోర్డు కిందా ఇరుక్కుపోయి ఉన్నాయి. పాపం, ప్రకటనలు వెలువడే సమయానికి అవి చేరుకోలేకపోతున్నాయి.

ప్రతి తెలుగింటికీ బెంగళూరులో ఒక బావ ఉంటాడు. ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో, ఫ్లాటు ఆ పక్కనే, పండగ మాత్రం కడపలో. మా బావదీ ఆ కోవే. ఆయన దూరాలను కిలోమీటర్లలో చెప్పడం మానేసి చాలా కాలమైంది. “గంటలో కడపప్పా! ఇక్కడ కాఫీ తాగి ఎక్కితే అక్కడ కారం దోసెకు దిగుతాం” అంటాడు. ఆయన్ని అని లాభం లేదు. టికెట్ మీద అట్లాగే రాసుంటుంది, మంత్రులు అట్లాగే చెబుతారు, పేపర్లో అట్లాగే పడుతుంది. ఇంతమంది ఇంత నమ్మకంగా చెప్పే ఆ గంట మీద నాకు ఎప్పట్నుంచో కోపం. ఇవాళ దాన్ని విప్పి చూద్దాం.

ఈ గంట బావ కనిపెట్టింది కాదు, సర్కారువారి కొలత. 2016లో ఉడాన్ పథకం ప్రకటించినప్పుడు లెక్క ఇదే చెప్పారు: గంట ప్రయాణం, సుమారు 500 కిలోమీటర్లు, 2,500 రూపాయలు. హవాయి చెప్పులేసుకున్నవాడూ విమానమెక్కాలన్నారు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపిన రోజే కడప–హైదరాబాద్ విమానమూ ఉడాన్ ఖాతాలో మొదలైంది. బెంగళూరుకూ కడపకూ చుట్టరికం అంతకన్నా పాతది. 2015 జూన్‌లో కడప విమానాశ్రయం మళ్లీ తెరుచుకున్నప్పుడు బెంగళూరు నుంచి వెళ్లింది ఎయిర్ పెగాసస్ విమానం. ఆ సంస్థ మరుసటి ఏడాది జులైలో ఆగిపోయింది. తర్వాత వచ్చిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ మార్చిలో ఇండిగో వచ్చింది. కంపెనీలు వచ్చాయి, పోయాయి. గంట మాత్రం చెక్కుచెదరలేదు.

బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి రన్‌వే నుంచి కడప రన్‌వేకు మ్యాపు మీద గీత గీస్తే 190 కిలోమీటర్ల లోపే ఉంటుంది. రోడ్డున చింతామణి, మదనపల్లె, రాయచోటి మీదుగా పోతే 260 దాకా అవుతుంది. ఏటీఆర్ రకం ప్రొపెల్లర్ విమానం పైకెక్కి నిలదొక్కుకున్నాక గంటకు 500 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కన అరగంట చాలు. మరి గంట ఎందుకు రాస్తారు? టికెట్ మీది సమయం గాల్లో ఉన్న సమయం కాదు కాబట్టి. ఇక్కడ చక్రాల కింద అడ్డు తీసిన క్షణం నుంచి అక్కడ అడ్డు పెట్టే క్షణం దాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, ముందున్న విమానాల వెనక నిలబడటం, ఎగరడం, దిగడం, మళ్లీ పాకడం అన్నీ అందులోనే. దాని మీద కంపెనీ తన జాగ్రత్త కోసం ఇంకొన్ని నిమిషాలు కలుపుకుంటుంది.

అన్నీ కలుపుకున్నాక కూడా పావుగంట దాకా ఆలస్యమైతే అది ఆలస్యం కాదు. రికార్డుల్లో అది సకాలంలో వచ్చిన విమానమే. ఈ మినహాయింపు నాకు మహా ముచ్చటేస్తుంది. కడప దారిలో పావుగంట అంటే గాల్లో ఉండే కాలంలో సగం. అంత ఆలస్యాన్ని ఆలస్యం కాదని ప్రపంచమంతా ఒప్పుకుంది. అదే పావుగంట బావ ఆలస్యంగా కౌంటర్ దగ్గరికి పోయి, “సార్, నేనూ సకాలంలో వచ్చినట్టే లెక్క” అని చూడమనండి.

ఇప్పుడు బావను ఇంట్లో నుంచి బయల్దేరదీద్దాం. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి విమానాశ్రయానికి రోడ్డు మీద ఎంతసేపు? నేను చెబితే కోపంతో పెంచి చెప్పానంటారు. అందుకని ఎగిరే ట్యాక్సీ వాళ్ల లెక్కే వాడదాం. 2024 అక్టోబరులో సరళా ఏవియేషన్, బెంగళూరు విమానాశ్రయ సంస్థ చేతులు కలిపినప్పుడు పత్రికలన్నిటిలో ఒక పోలిక వచ్చింది: గాల్లో 19 నిమిషాలు, రోడ్డు మీద 152 నిమిషాలు. అందరూ 19 చూసి మురిసిపోయారు. నేను 152 దగ్గరే ఆగిపోయాను. ఈ ఊరి ట్రాఫిక్ గురించి ఇన్నేళ్లలో ఇంత నిజాయితీగా బయటికొచ్చిన అంకె ఇంకోటి లేదు. రెండున్నర గంటలు అని గుండ్రంగా సరిపెట్టకుండా, ఆ మీది రెండు నిమిషాల క్షోభనూ గుర్తించారు.

152 నిమిషాలంటే ఏమిటో దిక్కు మార్చి చూడండి. విమానాశ్రయం గేటు ముందు నుంచి ఇద్దరు ఒకేసారి కార్లలో బయల్దేరారనుకోండి. ఒకాయన దక్షిణానికి తిరిగి ఎలక్ట్రానిక్ సిటీ దారి పట్టాడు. ఇంకొకాయన ఉత్తరానికి తిరిగి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాడు. మొదటాయన హెబ్బాళ, మారతహళ్లి, సిల్క్ బోర్డు దాటుకుని సొంతింటి కాలింగ్ బెల్ నొక్కేసరికి రెండో ఆయన బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ దాటేసి ఎక్కడో టీ తాగుతుంటాడు. ఒకాయన ఇంకా ఊరు దాటలేదు, ఇంకొకాయన రాష్ట్రం దాటి ఎంతో సేపైంది.

సరే, 152 రాసుకోండి.

రెండు గంటల ముందు రమ్మంటాయి విమాన సంస్థలు. 120 వేసుకోండి. ఈ రెండు గంటల్లో బావ ఏం చేస్తాడు? గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు చూపిస్తాడు, లేదా డిజియాత్రకు ముఖం చూపిస్తాడు. ముఖాన్ని మెషిన్ గుర్తుపట్టకపోతే మళ్లీ కార్డే చూపిస్తాడు. బెల్టు విప్పి ట్రేలో వేస్తాడు, లాప్‌టాప్ తీసి ఇంకో ట్రేలో పెడతాడు, సీసాలో నీళ్లన్నీ తాగేస్తాడు. రెండో టెర్మినల్ అయితే వేలాడే మొక్కల కింద కూర్చుంటాడు. తోటలో టెర్మినల్ కట్టామని 2022లో తెరిచినప్పుడు చెప్పారు, నిజమే, తోట బాగుంటుంది. గంట ప్రయాణానికి రెండు గంటలు తోటలో కూర్చోబెట్టడం పథకంలో భాగమని అప్పుడు మనకు తట్టలేదు. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. గేటు దాటాక విమానం ఉంటుందా? చిన్న విమానాలకు చాలాసార్లు ఏరోబ్రిడ్జి ఉండదు, బస్సు ఉంటుంది. బావ బస్సెక్కుతాడు. కూర్చోవడానికి చోటుండదు, పైన వేలాడే పట్టీ పట్టుకుని నిలబడతాడు. బస్సు ప్రయాణం తప్పించుకోవడానికే కదా ఆయన విమానం టికెట్ కొన్నది!

విమానంలో గంట. 60.

కడపలో దిగడం, సామాను కోసం బెల్టు ముందు నిలబడటం. ఉదారంగా 20.

బయట ఆటో దొరకడం, బేరం కుదరడం, ఊళ్లోకి వచ్చి ఇంటి ముందు దిగడం. 30.

కూడండి. 382 నిమిషాలు. ఆరు గంటల ఇరవై రెండు నిమిషాలు. బావగారి ‘గంట’ ఇదీ. గంట అని చెప్పడం అబద్ధమని నేననడం లేదు. పెళ్లికి ఎంత ఖర్చయిందని అడిగితే తాళిబొట్టు ధర చెప్పడం కూడా అబద్ధం కాదు.

190 కిలోమీటర్ల దూరం 382 నిమిషాల్లో పోతే వేగం గంటకు ఎంతవుతుంది? 30 కిలోమీటర్లు కూడా రాదు. పైన ఇద్దరు పైలట్లు, రెండు ఇంజన్లు, ప్రతి సీటు ముందూ భద్రతా సూచనల అట్ట, అందరికీ తలో సీటు బెల్టు, చివరికి తేలిన వేగం ముప్పైలోపు. బావ సొంత కారులో హోస్కోటె మీదుగా పోయి, మదనపల్లెలో టిఫిన్‌కు ఆగినా ఆరు గంటల్లో కడపలో ఉంటాడు. ఆర్టీసీ బస్సుకు ఇంకో గంట పడుతుందనుకుందాం. అంటే బస్సుతో పోల్చినా విమానం వల్ల నికరంగా మిగిలింది 38 నిమిషాలే. అదీ సిల్క్ బోర్డు దయతలిస్తే. ఇన్ని జెండాలు ఊపింది ఈ 38 నిమిషాల కోసమా?

నాకు జవాబు తెలుసు. “ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు అంతే సార్, యెలహంక వాళ్లకు చాలా దగ్గర” అంటారు. ఒప్పుకుంటాను. యెలహంకలో ఉండే కడప వాళ్లందరికీ నా శుభాకాంక్షలు. ఈ ఊళ్లో తెలుగువాళ్లు బీటీఎం లేఅవుట్లో, మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో, బొమ్మనహళ్లిలో కిక్కిరిసి ఉన్నారు. దేవనహళ్లికి వీళ్లందరూ తలో మూల. వీళ్ల గంటలో మిగతా అయిదు గంటలు ఎవరి ఖాతాలో వేయాలి?

ఈ జబ్బుకు మందులు ఇదివరకూ వచ్చాయి. 2018లో విమానాశ్రయం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి హెలికాప్టర్ ట్యాక్సీ వచ్చింది. పావుగంట ప్రయాణం, 3,500 రూపాయలు, జీఎస్టీ అదనం. 2022లో హెచ్ఏఎల్ పాత విమానాశ్రయం నుంచి దేవనహళ్లికి ఇంకోటి వచ్చింది, 3,250 రూపాయలు, పన్ను అదనం. అవి నెత్తి మీద నుంచి పోయినందువల్ల కింద ఔటర్ రింగ్ రోడ్డులో ఒక్క కారు తగ్గిందని చెప్పగలవారెవరైనా ఉన్నారా? ఇప్పుడు ఎగిరే ట్యాక్సీకి 1,700 అంటున్నారు. టికెట్ కొన్న ఒక్క ప్రయాణికుణ్నీ అది ఇంకా ఎక్కించుకోలేదు కాబట్టి ధర ఎంతైనా చెప్పుకోవచ్చు. ఆ 19 నిమిషాల ట్యాక్సీ ఎక్కే చోటికి పోవడానికి పిలిచే మామూలు ట్యాక్సీకి ఎన్ని నిమిషాలో ఎవరూ చెప్పడం లేదు. “డ్రైవర్ రైడ్ క్యాన్సిల్ చేశాడు” అనే సందేశానికి ఎన్ని నిమిషాలు వేసుకోవాలో అదీ చెప్పడం లేదు.

గాలి దూరాల పిచ్చి ఎంత ముదిరిందంటే, విమానమే లేని దారులకు కూడా ప్రయాణ సమయాలు తయారుగా ఉన్నాయి. రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే చాలు, కంప్యూటర్ గీత గీసి, జెట్ వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపి చెప్పేస్తుంది. పుట్టపర్తి విమానాశ్రయం నుంచి బెంగళూరు విమానాశ్రయానికి నూటికి కాస్త పైచిలుకు కిలోమీటర్లు, ముప్పావు గంట లోపు. పుట్టపర్తిలో 1990 నుంచి రన్‌వే ఉంది, ప్రత్యేక విమానాలు దిగుతుంటాయి, మీరూ నేనూ టికెట్ కొనుక్కుని బెంగళూరు పోయే విమానం మాత్రం లేదు. సమయం ఉంది, దూరం ఉంది, విమానం ఒక్కటే తక్కువ.

ఈ గీత చివరికి ఒప్పందాల్లోకీ ఎక్కింది. 2004లో బెంగళూరు విమానాశ్రయ ఒప్పందం రాసినప్పుడు దేవనహళ్లి చుట్టూ 150 కిలోమీటర్ల వృత్తం గీశారు, అదీ గాలి దూరమే. విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లు ఆ వృత్తంలో పోటీ విమానాశ్రయం రాకూడదు. మైసూరుకూ హాసనకూ మినహాయింపు. 2008 మే 24న దేవనహళ్లి తెరుచుకుంది, ఊరి నడిబొడ్డున ఉన్న హెచ్ఏఎల్ విమానాశ్రయం మామూలు ప్రయాణికులకు మూతపడింది. 2033 దాకా ఆ వృత్తం పదిలం. హోసూరు అందులోనే ఉంది, పుట్టపర్తి అందులోనే, ఆంధ్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల జాబితాలో పెట్టిన కుప్పం అందులోనే. షంషాబాద్‌దీ ఇదే కథ. అదీ 2008లోనే తెరుచుకుంది, బేగంపేట మూతపడింది, వృత్తం అంతే గీశారు. వరంగల్ మామునూరుకు 2025లో అనుమతి రావాలంటే ముందు హైదరాబాద్ విమానాశ్రయం వాళ్లు అభ్యంతరం లేదనాల్సి వచ్చింది.

గాల్లో 150 కిలోమీటర్లు కొలిచినవాళ్లు నేల మీద 35 కిలోమీటర్లు కొలవలేకపోయారు. నగరం నడిబొడ్డు నుంచి విమానాశ్రయానికి ఉన్న దూరం అంతే. ఏడాదికి నాలుగు కోట్ల మందికి పైగా వచ్చిపోయే చోటు అది. దానికి మెట్రో ఎప్పుడు రావాలి? విమానాశ్రయంతో పాటే రావాలి. 2019 డిసెంబరులో రెండో రన్‌వే వచ్చింది. 2022 నవంబరులో రెండో టెర్మినలూ, దానితో పాటే 108 అడుగుల కెంపేగౌడ విగ్రహమూ వచ్చాయి. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్. పురం మీదుగా అక్కడికి పోవాల్సిన నీలి మెట్రో ఇంకా నిర్మాణ దశలోనే ఉండి జనానికి ట్రాఫిక్‌ను కానుకగా ఇస్తోంది. ఊరిని కట్టించిన కెంపేగౌడ దాన్ని చూడాలంటే ఆయనా వాయు వజ్ర ఎయిర్‌పోర్టు బస్సే ఎక్కాలి.

మొదటిదానికి దారి లేదు, రెండోదానికి పోటీ మొదలైంది. కర్ణాటక ఎంచిన మూడు చోట్లలో రెండు కనకపుర రోడ్డులోవి. ఆ చోట్లు ఎంచిన నాటి ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ నియోజకవర్గం పేరు మీకు గుర్తుచేయనక్కర్లేదు. శిరా దగ్గర పెట్టమన్నవాళ్లూ ఉన్నారు, శిరా ఇక్కడి నుంచి 120 కిలోమీటర్లు. అటు 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో లేచి హోసూరులో 2,000 ఎకరాల్లో, ఏడాదికి మూడు కోట్ల మంది పట్టే విమానాశ్రయం కడతామన్నారు. ఒక ఊరు తన ట్రాఫిక్‌ను తాను దిద్దుకోలేకపోతే పక్క రాష్ట్రం విమానాశ్రయం కడతానంటుందన్నమాట. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు హోసూరు నిజంగానే దగ్గర, మా బావ అప్పుడే నిమిషాలు లెక్కపెడుతున్నాడు.

2008 దగ్గరికి మళ్లీ రండి. దేవనహళ్లి తెరిచిన ఆ ఏడాదే, 2008–09 రైల్వే బడ్జెట్‌లో కడప–బెంగళూరు కొత్త రైలు మార్గం మంజూరైంది. 255 కిలోమీటర్ల దారి. ఖర్చు కేంద్రం సగం, రాష్ట్రం సగం. అది పూర్తయి ఉంటే రాయచోటి, మదనపల్లె ప్రజలు నేరుగా బెంగళూరుకు రైల్లో వచ్చేవాళ్లు. ఇవాళ కడప నుంచి బెంగళూరుకు రైల్లో రావాలంటే అటు గుత్తి మీదుగానో ఇటు రేణిగుంట మీదుగానో చుట్టు తిరగాలి. ఇన్నేళ్లలో పట్టాలు ఎంతదూరం పడ్డాయి? కడప నుంచి పెండ్లిమర్రి దాకా. 21 కిలోమీటర్లు. రాష్ట్రం వాటా ఇవ్వలేదని రైల్వే అంటుంది, దారి మార్చి ముద్దనూరు, ముదిగుబ్బ మీదుగా వేయమని రాష్ట్రం అంది. ప్రభుత్వాలు మారాయి, అన్ని పార్టీలకూ వంతు వచ్చింది, పట్టా మాత్రం పెండ్లిమర్రి దాటలేదు. ఈ వేగంతో బెంగళూరు చేరడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పడుతుంది. ఆ రెండు శతాబ్దాల గురించి మైకు ముందు ఎవరూ మాట్లాడరు. గంట గురించి మాట్లాడతారు.

గంట గురించైనా నిజం చెబుతారా? ఉడాన్ మీద కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. మొదటి మూడు విడతల్లో 774 దారులు కేటాయిస్తే 403 దారుల్లో విమానం అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత సొంత కాళ్ల మీద నిలబడి 2023 మార్చి నాటికి ఎగురుతున్నవి 54. వందకు ఏడు. మిగతా తొంభై మూడు దారుల మీద ఎవరో ఒకరు నిమిషాలు చెప్పి, శిలాఫలకం వేసి, ఫొటో దిగి వెళ్లిపోయారు. రాయితీ సొమ్ములో 80 శాతం కేంద్రం నిధి నుంచి, 20 శాతం రాష్ట్రాల నుంచి. కేంద్రం నిధి ఎక్కడ నుంచి వస్తుందంటే, పెద్ద ఊళ్ల మధ్య తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి. అంటే సీటుకు డబ్బు కట్టిన ప్రయాణికుడు, తాను ఎక్కని విమానానికి కూడా కట్టాడు.

హవాయి చెప్పుల మనిషిని గుర్తు చేసుకోండి. ఆయన ఎక్కడున్నాడు? కదిరి నుంచి, రాయచోటి నుంచి, మదనపల్లె నుంచి బెంగళూరుకు బేల్దారి పనికీ ఇళ్ల పనికీ వచ్చేవాడు ఆయనే. ఈ ఊళ్లో సగం అపార్టుమెంట్ల గోడలు ఆయన చేతి మీదే లేచాయి. ఆయన వచ్చేది ఆర్టీసీ బస్సులో నిలబడి, లేదా జనరల్ బోగీలో తలుపు దగ్గర కూర్చుని. 2,500 రూపాయల గంట ఆయన ఎన్ని రోజుల కూలీ అవుతుందో లెక్క వేసినవాళ్లెవరూ ఆ పథకం రాసినవాళ్లలో లేరు. పండగకు ముందు రోజు మడివాళలో ప్రైవేటు బస్సు టికెట్ ధర విమానం టికెట్‌ను దాటిపోతే అడిగే నాథుడు లేడు.

ఆ రాత్రి బస్సుల సంగతి కూడా చెప్పుకోవాలి. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కాలిపోయింది. 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న బస్సు కర్నూలు శివార్లలో చిన్నటేకూరు దగ్గర కాలిపోయింది. బస్సులోని 19 మంది, ఆ బస్సు కింద పడిన మోటార్‌సైకిల్ నడిపిన మనిషి చనిపోయారు. అదే రహదారి, అదే అక్టోబరు, అదే నిద్రపోతున్న జనం. ఈ రెండు ఊళ్ల మధ్య పడుకుని పోగలిగినన్ని రైలు బెర్తులు ఉంటే వాళ్లలో ఎంతమంది ఆ బస్సు ఎక్కేవాళ్లు? పాలెం తర్వాత కమిటీలు వేశారు, తనిఖీలన్నారు. చిన్నటేకూరు తర్వాతా అవే మాటలన్నారు. మధ్యలో పన్నెండేళ్లు మనకు వినిపించింది ఏ ఊరి విమానాశ్రయం ఎన్ని నిమిషాల దూరమో.

వేగం కావాలనుకోవడం తప్పు కాదు. వెయ్యి కిలోమీటర్లకు విమానం కావాలి, గువాహటికి రైల్లో పొమ్మని ఎవరూ అనరు. మూడు వందల కిలోమీటర్ల లోపు మాత్రం విమానం ప్రయాణ సాధనం కాదు, అది మంత్రుల ప్రారంభోత్సవ సాధనం. ఆ దూరంలో రైలుకు వేయాల్సిన డబ్బు, రోడ్డు మీద బస్సుకు ఇవ్వాల్సిన భద్రత, ఊరి లోపల మెట్రోకు పెట్టాల్సిన శ్రద్ధ, ఈ మూడూ ఎగ్గొట్టి మన చేతిలో గంట పెట్టారు. మనమూ సంతోషంగా పుచ్చుకున్నాం, ఎందుకంటే బావ పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి గంట బాగుంటుంది.

అడిగేవి రెండే. విమానం టికెట్ మీద, విమానాశ్రయం ప్రకటన మీద, ఎగిరే ట్యాక్సీ పోస్టరు మీద ‘ఇంటి నుంచి ఇంటికి ఎంతసేపు’ అన్న అంకె తప్పనిసరిగా వేయండి. చిన్న అక్షరాల్లో వేసినా ఫర్వాలేదు, 382 అని మేము చదువుకోగలం. రెండోది, 300 కిలోమీటర్ల లోపు దారిలో కొత్త విమానానికి రూపాయి రాయితీ ఇచ్చే ముందు ఆ దారిలో మంజూరైన రైలు ఎక్కడ ఆగిందో సభలో చెప్పండి.

వచ్చే పండగకు మీ ఎంపీ ఊరికొస్తాడు. శాలువా కప్పించుకుని, మీ ఊరు బెంగళూరుకు ఇన్ని నిమిషాల దూరంలోకి వచ్చేసిందని చెబుతాడు. చప్పట్లు కొట్టే ముందు చేయెత్తి ఒక్క ప్రశ్న వేయండి: పెండ్లిమర్రి తర్వాతి స్టేషన్ ఏది సార్, అక్కడికి పట్టాలు ఏ ఏడాది పడతాయి?